100 గజాల్లో గురి బాగుంది, 500 గజాల్లో నిలువుగా ఎందుకు చెదురుతోంది?

మీరు ఇంట్లోనే పౌడర్ నింపి లోడ్ చేసుకున్న .308 (ఒక రైఫిల్ తూటా రకం) తూటాలు 100 గజాల్లో ఒకేచోట పడుతున్నాయి, 500 గజాల్లో మాత్రం పైకీ కిందికీ గీత గీసినట్టు చెదురుతున్నాయి, స్కోప్ మార్చాలా అని అడిగారు. అప్పుడే డబ్బు పెట్టకండి.

గాలి అయితే పక్కకి తోస్తుంది. నిలువు చెదురుకి నా మొదటి అనుమానం తూటా తూటాకీ వేగం మారడం. సెకనుకు 50 అడుగుల తేడా 100 గజాల్లో కంటికి ఆనదు, 500 గజాల్లో సుమారు 3 అంగుళాలవుతుంది. క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) అరువు తెచ్చుకునైనా సరే, పది తూటాలు కాల్చి వేగాలు రాసుకోండి.

తేడా ఎక్కువగా ఉంటే ముందు పౌడర్ చూడండి. కొలపాత్రతో పోస్తున్నానన్నారు కదా, పొడుగు రేణువుల పౌడర్ అందులోంచి సమంగా దిగదు. ప్రతి మోతాదునూ త్రాసులో తూచండి. వేర్వేరు కంపెనీల కేసులు (పౌడర్ నింపే లోహపు తొడుగులు) కలపకండి, వాటి లోపలి చోటు ఒకేలా ఉండదు. (నేను అలా కలిపేసి, పాపం బ్యారెల్‌ని తిట్టుకున్నాను.) కాల్చేముందు తూటాలు ఎండలో పెట్టినా వేగం మారుతుంది. సర్దుకుంటుందేమోనని పౌడర్ పెంచుతూ పోవద్దు. లోడింగ్ మాన్యువల్‌లోని గరిష్ఠ మోతాదు దాటితే ప్రాణానికే ప్రమాదం.

వేగాలు దగ్గరగానే వస్తే రైఫిల్ ముందు భాగాన్ని ప్రతిసారీ ఒకే రకం ఆసరా మీద పెడుతున్నారో లేదో గమనించండి.

ఇది తేలేవరకు వేటలో ఎల్క్ (పెద్ద జాతి జింక) మీద 500 గజాల షాట్ వద్దు. బెంచీ మీద కాకుండా వేటలో కూర్చునే తీరులోనే కూర్చుని, చల్లటి బ్యారెల్‌తో మొదటి తూటా గుండె, ఊపిరితిత్తులంత చోటులో ఎంత దూరం వరకు పడుతుందో చూసి, అక్కడికే ఆగండి.