తాతగారి ఫొటోల్లోని విమానాలను పోల్చుకోవడం గురించి

చిరంజీవికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ తాతగారు మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ మీద పనిచేసిన నాటి ఫొటోలు దొరికాయనీ, వాటిలోని విమానాలేవో తెలియడం లేదనీ రాశావు. ఆల్బమ్‌కు అంటుకుపోయిన వాటిని ఊడబెరకకుండా, పేజీతో సహా 600 డీపీఐలో స్కాన్ చెయ్యి.

రెక్కలు మడిచి ఉండడాన్ని బట్టి విమానాన్ని తేల్చవద్దు. డెక్కు (విమానాలు నిలిపే ఓడ పైతలం) మీద చోటు చాలక, అప్పటి సీ హాక్, అలీజే విమానాలు రెంటికీ రెక్కలు పైకి మడిచేవారు. అలా మడిచిన అలీజేను వెనుకనుంచి తీసిన ఫొటోలో చూసి, సీ హాక్ అని నేనే ఒకసారి ధీమాగా చెప్పాను. ముందు ముక్కు చూడు. నాలుగు రేకుల ప్రొపెల్లర్ ఉంటే అది జలాంతర్గాములను వెతకడానికి ఫ్రాన్సు నుంచి తెచ్చుకున్న, ముగ్గురు కూర్చునే అలీజే. ప్రొపెల్లర్ కనబడకపోయినా, చక్రాలు ముడుచుకొనే ఉబ్బులు రెక్కల నుంచి ముందుకు పొడుచుకొని వచ్చి ఉంటాయి. ప్రొపెల్లర్ లేక, రెక్క ఒంటికి అతికే చోట గాలి పోయే నోళ్లుండి, తోక పలక నిలువు రెక్కకు మధ్యలో ఉంటే అది ఒక్కరే నడిపే సీ హాక్. దాని ఇంజను వేడిగాలి రెక్కల వెనుక రెండు పక్కలనుంచీ పోతుంది కనుక తోక చివర గొట్టం ఉండదు. పైలట్ గదికి ఇరువైపులా పెద్ద నోళ్లు, కిందికి వాలిన రెక్కలు, వాటి కొసల దగ్గర చిన్న చక్రాలు ఉంటే సీ హారియర్.

ఇక కాలం సంగతి. విక్రాంత్ 1961 మార్చి 4న బెల్ఫాస్ట్‌లో మన నౌకాదళంలో చేరింది. సీ హారియర్లు మనకు వచ్చింది 1983లో. కాబట్టి సీ హారియర్ ఉన్న ఫొటోను ఇంట్లో ఎవరు ఎంత గట్టిగా 1971 యుద్ధం నాటిదని చెప్పినా (చెబుతారు, మన ఇళ్లలో ప్రతి ఓడ ఫొటోకూ ఆ యుద్ధమే గుర్తొస్తుంది) నమ్మవద్దు. డెక్కు ముందుకొస పైకి వంగి ఉన్నా అంతే, ఆ వంపు విక్రాంత్‌కు 1980లలో కట్టారు. 1987లో మనకు వచ్చిన మరో విమానవాహక నౌక విరాట్‌కు ఆ వంపు వచ్చినప్పటినుంచే ఉంది గనుక, ఓడ నంబరు ఆర్ 11 అయితే విక్రాంత్, ఆర్ 22 అయితే విరాట్ అని చూసుకో.

నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేసిన ఫొటోలూ ఉంటాయి. ఓడ ముందువైపుకు చూస్తూ నిలబడితే డెక్కు మీది కట్టడం కుడిపక్కనే ఉండాలి. ఎడమన కనబడితే స్కాన్‌ను అద్దంలోలా తిప్పి, అప్పుడు నంబర్లు చదువు.

తేల్చుకున్నదీ, ఇంట్లోవాళ్లు చెప్పినదీ కవరు మీద పెన్సిలుతో వేరువేరుగా రాసి పెట్టు. ముక్కూ తోకా రెండూ కనబడని ఫొటోలుంటే నాకు పంపు.

ఇట్లు,
మామయ్య