చేదు బీర్లు: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ స్ట్రాంగ్ బీరు తప్ప మరొకటి ఎరుగను. ఉద్యోగరీత్యా కాలిఫోర్నియా వచ్చాక ఆఫీసు మిత్రులు డబుల్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరులో మరింత గట్టి రకం) ఇప్పించారు. వాసన ఎంతో బాగుంది కానీ, చేదు మాత్రం రెండో గుక్క దగ్గరే ఆపేసింది. ఈ కోవలో పేరుపడ్డ క్రాఫ్ట్ బీర్లు ఏవి? ఏ వరుసలో రుచి చూడమంటారు?
– ఒక పాఠకుడు, శాన్‌హోసే

జవాబు: మీ మిత్రులు పై మెట్టు మీద నిలబెట్టి పరిచయం చేశారు కాబట్టి ఆ బెదురు సహజమే. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మే బీరులో ఆల్కహాలు ఎక్కువే గానీ చేదు స్వల్పం, పైగా కాస్త తీపి కూడా తగులుతుంది. ఘాటుకూ చేదుకూ సంబంధం లేదని ముందుగా గ్రహిస్తే ఈ బీర్లను అంచనా వేయడం తేలికవుతుంది.

చేదంతా హాప్ తీగ పూల నుంచి వస్తుంది. ఎండిన పువ్వును వేళ్ల మధ్య నలిపితే రేకుల మొదళ్ల నుంచి పసుపు రంగు పొడి రాలి, జిగటగా అంటుకుంటుంది. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలూ, సువాసననిచ్చే నూనెలూ ఉండేది అందులోనే. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసంలో వేసి గంటసేపు మరిగిస్తే ఆమ్లాలు రూపం మార్చుకుని చేదుగా కరుగుతాయి, నూనెలు మాత్రం ఆవిరితో పోతాయి. అందుకే చారు దింపాక కొత్తిమీర వేసినట్టు, సువాసన కోసం మరిన్ని పూలను చివరలోనో, పులిసిన బీరు చల్లబడ్డాకనో వేస్తారు. ఈ రెండో పద్ధతినే డ్రై హాపింగ్ అంటారు. మీకు వాసన నచ్చి చేదు నచ్చకపోవడానికి కారణం ఇదే: అవి రెండూ ఒకే పువ్వువి అయినా, బీరులోకి చేరే వేళలు వేరు.

మొదలుపెట్టవలసింది సియెర్రా నెవాడా పేల్ ఏల్‌తో. కాలిఫోర్నియాలోనే ఉన్న చీకో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్ 1980లో కాచడం ప్రారంభించిన ఈ బీరులో ఆల్కహాలు 5.6 శాతం, చేదు 38 ఐబీయూ (చేదును కొలిచే ప్రమాణం). ఇందులోని కాస్కేడ్ హాప్ 1972లో ఆరెగన్‌లో విడుదలైన రకం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే దబ్బకాయ తొక్క గిల్లిన వాసన, ఆ వెనుకే దేవదారు కర్ర వాసన వస్తాయి. మింగాక చేదు నాలుక వెనుక కాసేపు నిలిచి, తేటగా తెగిపోతుంది. ఇంతకాలం తరువాత కూడా దీన్ని పాతబడిపోయిన బీరు అని తీసిపారేసేవారి మాట నేను ఒప్పుకోను. నిజానికి కాస్కేడ్ ఘనతలో వాటా శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ సంస్థ 1975లో కాచిన లిబర్టీ ఏల్‌కూ దక్కాలి. ఆ సంస్థ 2023లో మూతపడింది.

రెండో మెట్టుగా మిషిగన్ రాష్ట్రానికి చెందిన బెల్స్ వారి టూ హార్టెడ్ తీసుకోండి. ఆల్కహాలు 7 శాతం ఉన్నా, సెంటెనియల్ అనే ఒక్క హాప్‌తోనే చేస్తారు కాబట్టి రుచిలో గందరగోళం ఉండదు, మాల్ట్ తీపి చేదుకు సమవుజ్జీగా నిలుస్తుంది. నన్నడిగితే ఐపీఏ అంటే ఏమిటో చెప్పడానికి ఈ సీసా ఒక్కటి చాలు. డెలవేర్‌లోని డాగ్‌ఫిష్ హెడ్ వారి 60 మినిట్ ఐపీఏ తయారీ మరింత తమాషాగా ఉంటుంది: మరిగే అరవై నిమిషాలూ హాప్స్ ఆపకుండా వేస్తూనే ఉంటారు. దీనికి అన్న వంటి 90 మినిట్‌ను మొదటిసారి కాచినప్పుడు, పూలు కొద్దికొద్దిగా రాలడానికి కరెంటుతో అదిరే పాత ఆటబల్ల ఒకదాన్ని వాడారు.

రష్యన్ రివర్ వారి ప్లైనీ ది ఎల్డర్‌ను చివరికి ఉంచండి. విన్నీ సిలుర్జో తీర్చిదిద్దిన ఈ డబుల్ ఐపీఏలో ఆల్కహాలు 8 శాతం. అయినా బీరు నోటికి తేలికగా, తీపి లేకుండా ఉండడం వల్ల ఆ బలం నాలుకకు తెలియదు. తెలియకపోవడమే ప్రమాదం, కాబట్టి కారు తాళాలు మరొకరికి ఇచ్చాకే గ్లాసు అందుకోండి.

సీసాల మీది ఐబీయూ అంకెల వెంట మాత్రం పడకండి. ఆ అంకె కరిగిన చేదును మాత్రమే కొలుస్తుంది. మాల్ట్ బరువుగా ఉన్న బీరులో 60 కూడా మెత్తగా తోస్తుంది, పలచటి బీరులో 40 అయినా గీరుతుంది.

ప్రశ్న: ఐపీఏలో ఇండియా ఎందుకుంది? ఓడ ప్రయాణంలో చెడిపోకుండా హాప్స్ ఎక్కువ వేసి కనిపెట్టారన్న కథ నిజమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సగం నిజం. లండన్‌లోని బో ప్రాంతంలో జార్జ్ హాడ్జ్‌సన్ కాచిన పేల్ ఏల్ పద్దెనిమిదో శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మన దేశానికి వచ్చేది. అయితే నల్లటి పోర్టర్ బీరు కూడా అవే సముద్రాలు దాటి వచ్చి తాగడానికి పనికొచ్చింది కాబట్టి, ప్రయాణం కోసమే కొత్త బీరు పుట్టిందనడం అతిశయోక్తి. హాప్ ఆమ్లాలు బీరును పులిపెక్కించే బాక్టీరియాను అణచడం మాత్రం వాస్తవమే. 1820లలో ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు సంస్థలు ఈ వ్యాపారంలోకి దిగాయి. సల్ఫేటు ఎక్కువగా ఉన్న అక్కడి బావినీరు చేదుకు పదును పెట్టింది.

ప్రశ్న: అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చిన ఐపీఏ సీసాలను షోకేసులో ఉంచాం. ఏడాది తరువాత తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. వైను మాదిరిగా దీన్ని నిలవ చేయకూడదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయకూడదు. మొదట పోయేది హాప్ సువాసనే. ఆక్సిజన్‌కు తోడు మన ఎండల వేడి కలిస్తే మీరు చెప్పిన అట్ట వాసన వచ్చేస్తుంది. షోకేసు వెలుతురు మరో చెరుపు: హాప్ చేదు పదార్థాలు వెలుగు తగిలి దుర్వాసన గల గంధకపు సమ్మేళనంగా మారతాయి. గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు అడ్డుకుంటుంది, ఆకుపచ్చ సీసా అంతగా అడ్డుకోదు, డబ్బా పూర్తిగా అడ్డుకుంటుంది. ఇకపై తెప్పించుకుంటే నింపిన తేదీ చూసి, నెలా రెండు నెలల లోపువే తెమ్మనండి, రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. తాగే ముందు పది నిమిషాలు బయట ఉంచాలి. మరీ చల్లగా ఉంటే సువాసన పైకి లేవదు. పక్కన మిరపకాయ బజ్జీలు మాత్రం వద్దు, చేదూ ఆల్కహాలూ కలిసి కారాన్ని రెట్టింపు చేస్తాయి. వేయించిన జీడిపప్పు గానీ, చప్పటి గారెలు గానీ బాగా కుదురుతాయి.