పిల్లల ఎదుగుదల కుంగకుండా పాలమూరు పల్లెల్లో పంచాయతీ ఏమి చేయగలదు?

చాలానే చేయగలదు. వయసుకు తగ్గ ఎత్తు పెరగకపోవడానికి బీజం ఎక్కువగా గర్భం నుంచి రెండో పుట్టినరోజు దాకా ఉండే వెయ్యి రోజుల్లోనే పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది ఇలా ఉన్నారు. అంతకుముందు సర్వేలో 28 శాతం.

ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. మంచి పథకం, కానీ మహబూబ్‌నగర్ నుంచి వలస వెళ్లే గర్భిణికి అది దూరమైపోతుంది. నా దృష్టిలో పంచాయతీ మొదటి పని ఇదే: అలాంటి కుటుంబాల పేర్లు ముందే రాసుకుని, వెళ్లే చోటి అంగన్‌వాడీకి తెలియజేయడం. తర్వాత తాగునీరు, మురుగు కాలువలు. తరచూ విరేచనాలయ్యే బిడ్డకు తిన్నది ఒంటబట్టదు. బరువుతో పాటు ఎత్తు కూడా కొలుస్తున్నారా అని గ్రామసభలో అడగండి.