బూజు పట్టిన మక్కలు బర్రెకు పెడితే పాలలోకి విషం వస్తుందా?

ప్రశ్న: సార్, నమస్తే. వానాకాలం మూడెకరాల్లో మక్క వేసినం. కంకులు విరిచి కల్లంలో కుప్ప పోసిన మర్నాడే వాన పట్టింది. పరదా కప్పి ఉంచినం. వాన తగ్గినాక తీసి చూస్తే కుప్ప లోపల వేడెక్కి, గింజల మొదళ్లకు పచ్చటి బూజు వచ్చింది. ఏనుమాముల మార్కెట్‌లో మంచి బస్తాలు కొన్నారు గానీ 12 బస్తాలు వద్దన్నారు. "బర్రెలకు పెట్టుకో, వాటికేం కాదు" అని చెప్పారు. నెల రోజుల నుంచి ఆ మక్కలను ఎండబోసి, పిండి పట్టించి, తవుడు, పత్తి చెక్క కలిపి రెండు బర్రెలకు పెడుతున్నం. బర్రెకు రోజుకు రెండున్నర కిలోల మక్క పిండి పడుతుంది. పేడ పలుచగా వేస్తున్నయి. ఎనిమిది లీటర్లు ఇచ్చే బర్రె ఐదు లీటర్లకు వచ్చింది. దూడ కూడా నీరసంగా ఉంది. ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు ఆ పాలే తాగుతారు. మా నాయనకు హెపటైటిస్-బి ఉందని డాక్టర్లు చెప్పారు. ఉడకబెట్టి పెడితే బూజు విషం పోతుందా? పాలు తాగొచ్చా? మిగిలిన తొమ్మిది బస్తాలు ఏం చేయాలి?
– ఒక రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా

జవాబు: ఈ పూట నుంచే ఆ పిండి ఆపేయండి. ఉడకబెట్టినా విషం పోదు. ఆపిన తర్వాత కూడా ఐదారు రోజులు ఆ పాలు పిల్లలకు పట్టకండి. దూడకూ వద్దు, పాల కేంద్రంలోనూ పోయకండి. రెండు బర్రెల పాలు అన్ని రోజులు పారబోయడమంటే ఎంత నష్టమో నాకు తెలుసు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, "బర్రెలకు పెట్టుకో" అన్నవాళ్లు ఆ బర్రె పాలు ఎవరి ఇంట్లో తాగుతారన్నది ఆలోచించలేదు.

మీరు చెప్పిన పచ్చటి బూజు చాలావరకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం. ఇది మన నేలలో ఎప్పుడూ ఉండేదే. గింజలో తేమ, చుట్టూ వెచ్చదనం దొరికితే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. పచ్చి కంకులను కుప్పపోసి, గాలి ఆడకుండా పరదా కప్పితే ఆ రెండూ ఒకేచోట దొరుకుతాయి. కుప్పలో చెయ్యి పెడితే మీకు తగిలిన వేడి అదే.

ఎండబోస్తే బూజు పెరగడం ఆగుతుంది. గింజ మీది పచ్చరంగు దులిపితే పోతుంది కూడా. కానీ అప్పటికే గింజలోకి దిగిన విషం అక్కడే ఉంటుంది. దాన్ని విరగ్గొట్టాలంటే దాదాపు 240 డిగ్రీల సెంటీగ్రేడు పైన వేడి కావాలి. మన పొయ్యి మీద నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. కాబట్టి దాణా ఉడకబెట్టినా, పాలు ఎన్నిసార్లు పొంగించినా లాభం లేదు. పిండి పట్టించడం వల్ల ఇంకో ఇబ్బంది వచ్చింది. గింజగా ఉన్నప్పుడు బూజు పట్టినవి ఏరి పారేయొచ్చు, పిండి అయ్యాక అంతా కలిసిపోతుంది. మంచి మక్కలు కలిపి "పలుచన" చేసే పని కూడా చేయకండి. అట్లా చేస్తే మంచి బస్తాలు కూడా పాడవుతాయి, అంతే.

ఇక పాల సంగతి. దాణాలోని అఫ్లటాక్సిన్ బి1 బర్రె కాలేయంలో ఎం1 అనే రూపానికి మారి, తిన్న ఒక రోజులోపే పాలలో కనిపిస్తుంది. తిన్నదంతా రాదు. మామూలుగా నూటికి ఒకటి రెండు వంతులు, పాలు బాగా ఇచ్చే పశువుల్లో ఆరు వంతుల దాకా వస్తుంది. ఇది వినడానికి తక్కువే అనిపిస్తుంది. మీ లెక్కతోనే చూద్దాం. మీ మక్కల్లో కిలోకు 200 మైక్రోగ్రాముల విషం ఉందనుకుందాం. కుప్పలో వేడెక్కి బూజు పట్టిన మక్కలో అంత ఉండటం వింతేమీ కాదు. రెండున్నర కిలోలకు 500 మైక్రోగ్రాములు అవుతుంది. అందులో రెండు శాతం పాలలోకి వస్తే 10 మైక్రోగ్రాములు. ఐదు లీటర్లకు పంచితే లీటరుకు 2. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము. అంటే నాలుగు రెట్లు. ఐరోపా దేశాల్లో హద్దు ఇంకా కఠినం, 0.05 మాత్రమే. పశువుల దాణాలో బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) చెబుతుంది. ఆ 20 ఎందుకు పెట్టారో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది.

తోడుపెట్టి పెరుగు చేస్తే పోతుందా అని చాలామంది అడుగుతారు. పోదు. ఈ ఎం1 పాలలోని కేసిన్ అనే మాంసకృత్తికి అంటుకుంటుంది కనుక పెరుగులో, మజ్జిగలో ఉండిపోతుంది, పనీర్‌లో ఇంకా చిక్కబడుతుంది. వెన్న, నెయ్యిలోకి మాత్రం చాలా తక్కువ వెళ్తుంది. మంచి కబురు ఏమిటంటే, దాణా మార్చిన మూడు నాలుగు రోజుల్లో పాలు చాలావరకు శుభ్రపడతాయి. ఐదారు రోజులన్నది జాగ్రత్త కోసం చెప్పాను.

ఇది మీ ఒక్కరి ఇంటి సమస్య అనుకోకండి. ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 368 నమూనాల్లో ఎం1 హద్దు దాటి ఉంది. టీవీల్లో పాల కల్తీ అంటే యూరియా, డిటర్జెంటు అని గోల చేస్తారు. ఆ సర్వేలో నిజంగా ఎక్కువగా బయటపడిన చిక్కుల్లో ఒకటి దాణా నుంచి వచ్చిన ఈ విషం. దాని మీద మాత్రం చర్చ లేదు.

దీని చరిత్ర మొదలైంది కూడా పశువుల మేతతోనే. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం వెతుకుతూ వెళ్లి బూజు పట్టిన పల్లి చెక్క దగ్గర ఆగారు. అఫ్లటాక్సిన్ అట్లా బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో కోతల వేళ వానకు తడిసిన మక్కలు తిన్న గిరిజన కుటుంబాల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరడం మొదలైంది. 106 మంది చనిపోయారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి చూశారు. ఆ ఇళ్లలో అవే రొట్టెలు తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చి చనిపోయాయి. మక్కలు తినని కుటుంబాలకు ఏమీ కాలేదు. మళ్లీ 1995లో దక్కన్ పల్లెల్లో, వానకు తడిసిన జొన్నలు, మక్కలు తిని జనం కడుపునొప్పి, విరేచనాలతో పడకేశారు. అక్కడ దొరికింది వేరే విషం, ఫ్యుమోనిసిన్. గులాబి, తెలుపు రంగులో కనిపించే ఫ్యుజేరియం బూజు దాన్ని తయారు చేస్తుంది. కాబట్టి "పచ్చగా లేదు కదా, పరవాలేదు" అనుకోవడానికి లేదు. బూజు కంటికి కనిపించని గింజలో కూడా విషం ఉండొచ్చు.

అట్లాగని మీ పిల్లలు నెల రోజులు తాగిన పాల గురించి టెన్షన్ పడకండి. 1974లో జనం విషం నిండిన మక్కలనే రోజూ కడుపునిండా తిన్నారు. పాలలోకి వచ్చేది దానిలో చిన్న వంతు. పాల వల్ల ఎవరూ ఉన్నట్టుండి మంచాన పడరు. అసలు భయం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా లోపలికి పోతేనే. అఫ్లటాక్సిన్లను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. దెబ్బ తగిలేది కాలేయానికి.

అందుకే మీ నాయన గారి మాట విడిగా చెబుతున్నాను. హెపటైటిస్-బి ఉన్న మనిషికి అఫ్లటాక్సిన్ కూడా తోడైతే కాలేయ క్యాన్సర్ ముప్పు విషం ఒక్కటే ఉన్నవారి కంటే 30 రెట్ల దాకా పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆయనకు ఆ పాలే కాదు, ఆ కుప్పలోని మక్కలతో చేసిన గటక, రొట్టె, రంగు మారిన పల్లీలు ఏవీ పెట్టకండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, మీరు ఇప్పటికే చూపిస్తున్న చోట గానీ కాలేయానికి స్కానింగ్, రక్తపరీక్ష ఎన్ని నెలలకోసారి చేయించాలో అడిగి, తప్పకుండా చేయించండి. ఈ దాణా సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. పిల్లలిద్దరికీ హెపటైటిస్-బి టీకాలు పూర్తయ్యాయా అన్నది టీకా కార్డులో చూడండి. పుట్టిన వెంటనే వేసేది, తర్వాత ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌లో వచ్చేవి ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. ఇంట్లో మిగతా పెద్దవాళ్లూ ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

బర్రెల విషయానికి వస్తే, మేత తగ్గడం, పేడ పలుచన, పాలు పడిపోవడం అఫ్లటాక్సిన్‌కు సరిపోయే లక్షణాలే. అయితే వానలు వెళ్లిన ఈ కాలంలో చెరువు కింద మేసిన పశువుల్లో కాలేయపు జలగ కూడా ఇవే లక్షణాలు చూపిస్తుంది. పొదుగు వాపు పైకి కనిపించకుండా ఉన్నా పాలు తగ్గుతాయి. అందుకని పేడ పరీక్ష, పాల పరీక్ష చేయించకుండా అంతా బూజు మీదకే తోసేయొద్దు. ఈ విషానికి విరుగుడు మందు లేదు. మేత మార్చి, మంచి నీళ్లు, పచ్చిమేత ఇస్తే కాలేయం మెల్లగా కోలుకుంటుంది. లివర్ టానిక్, విటమిన్లు పశువుల డాక్టరు చూసి ఇస్తారు. దూడలు పెద్ద పశువుల కంటే తొందరగా దెబ్బతింటాయి కాబట్టి ముందు దూడను చూపించండి. ఆసుపత్రికి తోలుకెళ్లలేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఇంకొకటి, ఈ విషం పశువు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. ఈ నెలలో గాలికుంటు టీకా వేయించి ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి, టీకా సరిగా పట్టకపోయి ఉండొచ్చు.

టాక్సిన్ బైండర్ అని దుకాణాల్లో పొడులు అమ్ముతారు. బెంటొనైట్ లాంటి మట్టి రకాలు అఫ్లటాక్సిన్‌ను పేగుల్లోనే పట్టి ఉంచి పేడతో బయటికి పంపేది నిజమే. ఎంతో కొంత అనుమానం ఉన్న దాణాకు అది అదనపు రక్షణ. తెలిసి తెలిసి బూజు పిండి పెడుతూ పైన బైండర్ చల్లడానికి మాత్రం నేను ఒప్పుకోను.

మిగిలిన తొమ్మిది బస్తాల్లో ఎంత విషం ఉందో తెలియాలంటే పరీక్ష ఒక్కటే దారి. పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎలైసా పద్ధతిలో తక్కువ ఖర్చు పరీక్షను ఎప్పుడో తయారు చేశారు. నమూనా ఎక్కడ ఇవ్వాలో మామునూరు పశువైద్య కళాశాలలో అడగండి. పైన దొరికిన గుప్పెడు గింజలు మాత్రం తీసుకెళ్లకండి. వందల గింజల్లో విషమంతా నాలుగైదింటిలోనే ఉండొచ్చు. అన్ని బస్తాల్లో పైన, నడుమ, అడుగున తీసి, కలిపి, అందులోంచి రెండు మూడు కిలోలు ఇవ్వండి. పరీక్ష చేయించే ఉద్దేశం లేకపోతే, కంటికి బూజు కనిపించే బస్తాలు బావికీ కొట్టానికీ దూరంగా గుంత తీసి, కోళ్లు, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చేయండి. మూటలు విప్పేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కోళ్ల ఫారానికి అమ్మొద్దు. కోళ్లు, ముఖ్యంగా బాతులు, బర్రెల కంటే సున్నితం. ఇథనాల్ ఫ్యాక్టరీలు పాడైన ధాన్యం తీసుకుంటాయని మీరు విని ఉంటారు. పిండిపదార్థం ఆల్కహాల్ అయి వెళ్లిపోతుంది, విషం మాత్రం మిగిలిన పిప్పిలో దాదాపు మూడింతలు చిక్కబడుతుంది. ఆ పిప్పినే డీడీజీఎస్ పేరుతో ఎండబెట్టి పశువుల దాణాలో కలుపుతున్నారు. చవక దాణా బస్తా కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు ఉందా అని చూడమనేది అందుకే. మీరు కలిపే పత్తి చెక్కను కూడా ఒకసారి విరిచి వాసన చూడండి. వానాకాలంలో గోడకు ఆనించి పేర్చిన పత్తి చెక్క, పల్లి చెక్కకు ఇదే జబ్బు పడుతుంది. ముక్కిన వాసన, గడ్డకట్టడం ఉంటే మీ మక్కలతో పాటు అదీ పక్కన పెట్టాల్సిందే.

యాసంగి మక్క వేస్తున్నారనుకుంటాను. గింజ పాలుపోసుకునే దశలో నీటి ఎద్దడి రానివ్వకండి. ఎండిన చేనులో ఈ శిలీంధ్రం కంకిలోకి తేలిగ్గా దూరుతుంది. 2018లో వచ్చిన కత్తెర పురుగు కంకిని తొలిస్తే దానికి దారి ఇంకా సులువు. గింజ అడుగున నల్లటి పొర కనిపించాక కోసి, పురుగు తిన్న కంకులు వేరుచేసి, కుప్ప పోయకుండా పలుచగా పరవండి. పరదా ఒకటి కింద పరవడానికి కావాలి, ఇంకొకటి రాత్రి మంచుకు, వానకు పైన కప్పడానికి. వాన ఆగగానే పైది తీసేయాలి. కంకులు ఆరాకే మిషన్ పట్టండి, పచ్చిగా పడితే గింజ పగులుతుంది. పగిలిన గింజకే ముందు బూజు.

కొనుగోలు కేంద్రాల్లో 14 శాతం తేమ దాకా తీసుకుంటారు. ఇంట్లో నిలవ ఉంచే మక్కకు అది చాలదు, 12 శాతానికి రావాలి. మీటరు లేకపోతే పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూతపెట్టి నిమిషం ఊపి, పావుగంట ఆగండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటుకోకపోయినా ఇంకో రెండు మంచి ఎండలు చూపించాకే సంచులకెత్తండి. సంచులను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు మూరెడు దూరంలో పేర్చండి.