జే/24 నిజంగా గ్యారేజీలోనే పుట్టిందా?

మీరు అడిగినవి రెండు. జే/24 అనే రేసింగ్ తెరచాప పడవ అమెరికాలో ఒకాయన గ్యారేజీలో పుట్టిందంటారు, నిజమేనా? సొంత కార్ఖానా లేని జే బోట్స్ కంపెనీ అన్ని వేల పడవలు ఎలా చేయించింది?

నేనేమీ ఈ రంగంలో పండితుణ్ణి కాదు. కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఐటీ పని చేసుకునే బోలెడుమంది తెలుగువాళ్ళలో ఒకణ్ణి. మాది బాపట్ల దగ్గర పల్లె. సూర్యలంకలో మోకాళ్ళ దాకా దిగడమే నాకు తెలిసిన సముద్రం. ఎనిమిదేళ్ళ కిందట ఆఫీసులో ఒక పెద్దాయన "శని, ఆదివారాలు రేసుకి ఒక మనిషి తక్కువయ్యాడు, వస్తావా?" అని అడిగాడు. అంతమందిలో నన్నే ఎందుకు అడిగాడో కాసేపట్లో చెప్తాను.

గ్యారేజీ సంగతి నిజమే. ఊరు స్టోనింగ్టన్, మా ఇంటి నుంచి కారులో గంట పైచిలుకు. రాడ్ జాన్‌స్టోన్ అక్కడ ఉంటూ సౌండింగ్స్ అనే పడవల పత్రికకి ప్రకటనలు అమ్మేవాడు. పడవల డిజైన్ ఆయనకి ఉద్యోగం కాదు, పిచ్చి. 1974లో ఇంటి గ్యారేజీలో ఒక పడవ మొదలుపెట్టాడు. 400 డాలర్ల ఫైబర్‌గ్లాస్ సరుకు, సోలింగ్ అనే రకం పాత పడవ ఒకదాని నుంచి మిగిలిన తెరచాప స్తంభం, తాళ్ళ సామాను, అంతే పెట్టుబడి అని కంపెనీ వాళ్ళే చెప్పుకుంటారు. పని వారాంతాల్లోనే. పడవ వెడల్పు 8 అడుగుల 11 అంగుళాలు. ఈ వింత లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, గ్యారేజీ తలుపు వెడల్పు తొమ్మిది అడుగులట! ఇల్లు చూసి మంచం చేయించుకున్నట్టు.

1976 మేలో అది నీళ్ళలోకి దిగింది. పేరు రాగ్‌టైమ్. సిబ్బంది ఎక్కువగా ఇంట్లోవాళ్ళే. ఆ వేసవిలో 19 రేసుల్లో 17 గెలిచింది.

అయితే గ్యారేజీ దగ్గరే ఆగిపోతే సగం కథే చెప్పినట్టు. ఇంట్లో గొప్ప పడవ చేసుకున్నవాళ్ళు ఆ తీరంలో చాలామందే ఉన్నారు. అలాంటివి ఒకటో రెండో తయారై, ఓనరు ముసలివాడయ్యాక షెడ్డులో పడి ఉంటాయి. రాడ్‌కి ఇంకో ఇద్దరు దొరికారు. ఒకరు అన్న బాబ్. ఆయన సన్‌ఫిష్ అనే చిన్న పడవ అమ్మే ఏఎమ్ఎఫ్ కంపెనీలో మార్కెటింగ్ చూసేవాడు. రాగ్‌టైమ్‌ని చేయమని తన కంపెనీనే అడిగాడు, వాళ్ళు వద్దన్నారు. ఉద్యోగం మానేసి 1977లో తమ్ముడితో కలిసి జే బోట్స్ పెట్టాడు.

రెండోవాడు ఎవరెట్ పియర్సన్. నా దృష్టిలో అసలు మొనగాడు ఈయనే. 1950లలోనే పియర్సన్ యాట్స్ పెట్టి, అమెరికాలో ఫైబర్‌గ్లాస్ పడవల వ్యాపారం మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. తర్వాత రోడ్ ఐలండ్‌లో టిల్లాట్‌సన్-పియర్సన్ అనే ఇంకో కంపెనీ నడిపాడు. రాగ్‌టైమ్‌ని చూసి, అమెరికాలో తయారీ హక్కులు తనకిస్తే తానే చేస్తానన్నాడు. అంటే జాన్‌స్టోన్‌లు గీస్తారు, అమ్ముతారు, పియర్సన్ అచ్చులో పోసి తీస్తాడు. మీ రెండో ప్రశ్నకి జవాబు ఇదే. తర్వాత ఇటలీ, జపాన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల కూడా లైసెన్స్ మీద చేయించారు. ఇప్పటికి 5,500కి పైగా జే/24లు తయారయ్యాయి.

అన్నీ ఒకేలా ఉండాలన్నది ఇక్కడ కీలకం. వన్ డిజైన్ అంటారు. తెరచాప కొలత, కీల్ (పడవ ఒరిగిపోకుండా అడుగున ఉండే బరువైన రెక్క) ఆకారం, బరువు అన్నీ క్లాస్ రూల్ పుస్తకంలో ఉంటాయి. ఎక్కువ డబ్బు పోసి తేలికైన పడవ చేయించుకుంటానంటే కుదరదు. మనుషుల బరువుకీ హద్దుంది: మొత్తం సిబ్బంది 400 కిలోలు దాటకూడదు. పడవ 1,400 కిలోలు, అందులో అడుగున బరువు కోసం ఉన్న సీసం సుమారు 430 కిలోలు. అంటే అడుగున సీసం ఎంత బరువో, గాలి వచ్చే వైపు అంచున కూర్చునే మనుషులూ దాదాపు అంతే. మనుషులే కదిలే సీసం!

నా పిలుపు రహస్యం ఇదే. మా స్కిప్పర్, అంటే పడవ నడిపే ఆ పెద్దాయన, మిగతా ముగ్గురూ కలిపి 338 కిలోలు. మిగిలింది 62. నేను 59. పోటీ ముందు రోజు వరసలో నిలబెట్టి, చడ్డీలతో కాటా ఎక్కించారు. నాకు ఈత తప్ప ఏమీ రాదని అప్పుడు చెప్పాను. "కూర్చోవడం వచ్చు కదా" అన్నాడాయన. మొదటి మలుపులోనే తల వంచడం మర్చిపోయాను. జే/24లో బూమ్, అంటే తెరచాప అడుగు అంచుని పట్టి ఉంచే అడ్డకర్ర, బాగా కిందికి ఉంటుంది. నిమ్మకాయంత బొప్పి కట్టింది. తొమ్మిది పడవల్లో ఏడో స్థానం.

రెండేళ్ళకి ముగ్గురం కలిసి 1981 నాటి పడవ ఒకటి వాటాలేసుకుని కొన్నాం. అప్పుడు తెలిసింది పియర్సన్ పని ఎలాంటిదో. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క పెడతారు. బాల్సా దూదిలా తేలిక, కానీ నీళ్ళు తగిలితే కుళ్ళుతుంది. కొనేముందు స్కిప్పర్ స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా తట్టించాడు, అచ్చం పుచ్చకాయ కొట్టి చూసినట్టు. "టక్ టక్" మంటే గట్టి. ఒక్కచోట "దబ్" మంది. పాత ఓనరు ఎవరో కప్ హోల్డర్ కోసం రెండు స్క్రూలు దిగ్గొట్టి, చుట్టూ సీలెంట్ పెట్టకుండా వదిలేశాడు. ఆ అరచేయి మేర తవ్వితే నల్లటి ముద్ద వచ్చింది. మిగతా పడవంతా నలభై ఏళ్ళ తర్వాత కూడా టక్ టక్‌మనే అంది.

ఆ తర్వాతి చరిత్ర టూకీగా చెప్తాను. 1991లో వచ్చిన జే/105లో ముక్కు దగ్గర బయటికి జరిగే కర్ర పెట్టి, గాలివాటుకి వెళ్ళేటప్పుడు వేసే పెద్ద స్పిన్నకర్‌ని తేలిగ్గా వేసి దించేలా చేశారు. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. 1990లలోనే పియర్సన్ ఫ్యాక్టరీ రెజిన్ (ఫైబర్‌గ్లాస్ గుడ్డని గట్టిపరిచే జిగురు ద్రవం) పోసే పద్ధతి మార్చింది. పొడి గుడ్డ మీద ప్లాస్టిక్ కప్పి, లోపలి గాలి లాగేసి, ఆ ఖాళీలోకి రెజిన్ పీల్చుకునేలా చేస్తారు. ఈ విద్య గాలిమరల రెక్కలకీ పనికొచ్చింది. అదే కంపెనీ టీపీఐ కంపోజిట్స్‌గా ఎదిగి, చెన్నై దగ్గర కూడా రెక్కల ఫ్యాక్టరీ పెట్టింది. లారీల మీద ఊళ్ళ మధ్య నుంచి పోయే ఆ పొడవాటి రెక్కల వెనక తెరచాప పడవల పని ఉందంటే మా నాన్న ఇప్పటికీ నమ్మడు.

2012లో జే/70 వచ్చింది. డిజైన్ చేసింది తర్వాతి తరం, రాడ్ కొడుకు అలన్. తేలిక, వేగం, ట్రైలర్ మీద ఎక్కడికైనా లాక్కెళ్ళొచ్చు. మా క్లబ్బులో సగంమంది అటే వెళ్ళారు, నన్నూ రమ్మంటున్నారు. మా జే/24లో నా మూడో వాటా ఒక వాడిన కారు కంటే తక్కువకే వచ్చింది. జే/70లో మూడో వాటా అంటే మా ఆవిడతో మాట్లాడాలి.