కిండర్ గార్టెన్‌లో తోట ఎక్కడిది?

ప్రశ్న: మా మనవడిని ఈ ఏడు ఎల్.కె.జి.లో చేర్చాము. కె.జి. అంటే కిండర్ గార్టెన్ అనీ, అది జర్మన్ మాట అనీ విన్నాను. బడికి తోట అనే పేరు ఎలా వచ్చింది? ‘గార్డెన్’ అనకుండా ‘గార్టెన్’ అంటున్నామెందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు విన్నది నిజమే. జర్మన్‌లో ‘కిండ్’ అంటే బిడ్డ, ‘కిండర్’ దాని బహువచనం, ‘గార్టెన్’ అంటే తోట. మన వ్యాకరణంలో చెప్పాలంటే ఇది ‘పిల్లల యొక్క తోట’ అనే షష్ఠీ తత్పురుషం. ‘కిండ్’కూ సంస్కృతంలో పుట్టడమనే అర్థమున్న ‘జన్’ ధాతువుకూ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రవేత్తల నిర్ణయం. ‘గార్టెన్’కు మొదటి అర్థం కంచె కట్టిన చోటు. ఇంగ్లీషు ‘యార్డ్’ దీనికి స్వయానా తోబుట్టువు కాగా, ‘గార్డెన్’ మాత్రం అదే మూలం నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. ఇంగ్లీషులో ‘డ’కారం నిలిచిన చోట జర్మన్‌లో ‘ట’కారం రావడం పరిపాటి, ‘డే’ అక్కడ ‘టాగ్’ అయినట్లే ‘గార్డెన్’కు బదులు ‘గార్టెన్’ వినిపిస్తుంది.

ఈ సమాసాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు, బి.ఇడి. చదివినవారందరికీ పరిచయమైన జర్మన్ విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782–1852). జర్మనీలో తురింగియా ప్రాంతంలోని బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో పసిపిల్లల కోసం ఆయన నెలకొల్పిన సంస్థకు మొదట ఆలన, ఆట, పని అనే మూడింటినీ కలిపి చెప్పే పొడుగాటి పేరుండేది. 1840లో దాని స్థానంలో ఈ చిన్న మాట వచ్చింది. పిల్లలు మొక్కలనీ, పెంచేవారు తోటమాలులనీ ఆయన భావం. అందుకే అక్కడి ఉపాధ్యాయినిని ‘కిండర్‌గేర్ట్నెరిన్’, అంటే పిల్లల తోటమాలి, అని పిలిచేవారు. అయితే ఇది వట్టి ఉపమానం కాదు: ఆయన పద్ధతిలో నిజంగానే తోట ఉండేది, ప్రతి పిల్లవాడికీ సొంతంగా ఒక చిన్న మడి, అందరూ కలిసి చూసుకునే ఉమ్మడి మళ్లు ఉండేవి.

ఇంత సాధువైన సంస్థలను 1851లో నాటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా ప్రభుత్వం నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నాయంటూ నిషేధించింది! ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ రాసినదాన్ని ఈయనకు అంటగట్టారు. నిషేధం 1860లో తొలగింది గాని, అప్పటికి ఫ్రోబెల్ లేడు. ఈలోగా, 1856లో, జర్మనీ నుంచి వెళ్లిన మార్గరెతె షుర్ట్స్ అమెరికాలోని వాటర్‌టౌన్‌లో జర్మన్ పిల్లలకు కిండర్ గార్టెన్ తెరిచింది. ఇంగ్లీషు కూడా ఈ మాటను అనువదించుకోకుండా ఉన్నదున్నట్లు తీసుకుంది, మనకు ఇంగ్లీషు ద్వారా అందింది.

జర్మనీలో నేటికీ కిండర్ గార్టెన్ బడిలో తరగతి కాదు. రాత, చదువు ఆరేళ్ల వయసులో ఒకటో తరగతిలో మొదలవుతాయి. కిండర్ గార్టెన్‌ను లోయర్, అప్పర్ అని విడగొట్టి, పసివాళ్లకు పరీక్షలు పెట్టడంలో ఫ్రోబెల్ ప్రమేయమేమీ లేదు.