తల్లిపాలు నీళ్లలా పల్చగా ఉంటే బిడ్డకు బలం చాలుతుందా?

పాపకు రెండో నెల, పాలు పిండి చూస్తే నీలంగా నీళ్లలా ఉన్నాయి, ఇంట్లోవాళ్లు ఆవుపాలు కలపమంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. కలపొద్దు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసింది కొంచెం పొడుగు, మధ్యలో మా అత్తగారు కూడా వస్తారు.

మా అత్తగారిది పాకాల దగ్గర ఒక పల్లె. ఇంట్లో నాలుగు జెర్సీ ఆవులు, ఒక ఎనుము, అంటే గేదె. ఇంటి ముందు గదిలోనే మా మామగారు పాలసెంటర్ నడుపుతారు. పొద్దున ఐదున్నరకంతా ఊళ్లోవాళ్లు క్యాన్లు, చెంబులు పట్టుకొని వచ్చి నిలబడతారు. మిషన్లో కాసిని పాలు పెడితే ఫ్యాట్, అంటే వెన్న నూటికి ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న, నీళ్లు పోను మిగిలే గట్టి పదార్థం ఎంత, లీటరుకు రేటెంత అని చీటీ వస్తుంది. ఆ ఇంట్లో పాలంటే ఫ్యాటే. మూడు దాటకపోతే అవి పాల కిందికే రావు. అలాంటి ఇంటికి మూడో నెలలో బిడ్డను ఎత్తుకొని పోయాను నేను.

ఒకరోజు సర్టిఫికెట్ల పని మీద తిరుపతికి రావాల్సి వచ్చింది. తెల్లవారుజామున లేచి ఒక స్టీలు గ్లాసులోకి పాలు పిండి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఆకలైతే గ్లాసును వేన్నీళ్లలో పెట్టి ఉగ్గుగిన్నెతో పట్టండి అత్తమ్మా అని చెప్పి బస్సెక్కాను. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చేసరికి గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. బిడ్డ మాత్రం నిద్రపోతున్నాడు.

"అవేం పాలమ్మా, బియ్యం కడిగిన నీళ్లు మాదిరి ఉండాయి. బిడ్డ గుక్కపెట్టి ఏడస్తా ఉంటే మన ఆవుపాలే కాసి, సగానికి సగం నీళ్లు పోసి, రవ్వంత చక్కెర వేసి తాపించినా. మన సెంటర్లో పోస్తే ఆ పాలు వెనక్కి పంపించేస్తారు" అన్నారు.

నవ్వుతూనే అన్నారు లెండి. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. బిడ్డకు రెండు రోజులు విరోచనం కాలేదు, అది వేరే కథ. ఒక్కటి గమనించండి. నా పాలు పల్చన అని పక్కన పెట్టి, చిక్కటి పాలు తెచ్చి, వాటిలో ఆమే నీళ్లు పోసి పల్చన చేసి, తీపి లేదని చక్కెర కూడా కలిపి పట్టారు. అంత కష్టపడి ఆమె తయారు చేయబోయింది, ఇంచుమించు ఆ గ్లాసులో ఉన్నదాన్నే!

నాకు మొండితనం ఎక్కువ. మర్నాడు సాయంత్రం బిడ్డ తాగకముందు ఒక చిన్న సీసాలోకి కొంచెం పిండి, దాని మీద ఒకటి అని రాశాను. తర్వాత బిడ్డను అదే వైపు పెట్టి, వాడంతట వాడు వదిలేదాకా ఆగి, మిగిలింది కష్టపడి ఇంకో సీసాలోకి పిండాను. అది రెండు. మా ఆయన చేతికిచ్చి, సెంటర్ మూసే ముందు ఎవరూ లేనప్పుడు మిషన్లో పెట్టి చూసుకు రమ్మన్నాను. ఆయన ముఖం అప్పుడు చూడాల్సింది. అయినా పోయారు. తిరిగొచ్చి రెండు చీటీలు నా చేతిలో పెట్టారు. మొదటిది ఫ్యాట్ 1.9. రెండోది 5.4.

ఆ మిషన్ ఆవుపాలకు, ఎనుముపాలకు సరిచేసి పెట్టినది. మన పాలకు చుక్క తేడా లేకుండా సరిగ్గా చెబుతుందని నేననను. కానీ ఒకే తల్లి, ఒకే వైపు, అరగంట తేడాలో అంత మార్పు కనిపించడం మాత్రం నిజం. తర్వాత చదివితే కారణం తెలిసింది. రొమ్ము నిండుగా ఉన్నప్పుడు పాలలోని వెన్న కణాలు లోపలి గోడలకు అంటుకొని ఆగిపోతాయట. ఖాళీ అయ్యేకొద్దీ అవి దిగుతాయి. అందుకే మొదట వచ్చేవి నీలంగా, చివర్లో వచ్చేవి మీగడ రంగులో ఉంటాయి. మీరు పిండి చూసినవి మొదటి పాలే అయి ఉంటాయి. ఎవరు పిండినా ముందు వచ్చేవి అవే కదా.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటుంది. కాన్పు అయిన ఆసుపత్రిలో ఒక నర్సు గడియారం చూసి అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు పట్టమంది. నేను నిజంగానే ఫోన్లో అలారం పెట్టుకొని, మోగగానే తాగుతున్న బిడ్డను లాగి ఇటు మార్చేదాన్ని. చివరి పాలు అందే లోపలే లాగేసేదాన్నన్నమాట. ఒక వైపు పూర్తిగా వదిలాకే రెండో వైపు ఇవ్వాలని అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు.

ఇక బలం సంగతి. మన పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. మిగతా దాంట్లో లాక్టోజ్ అనే చక్కెర సుమారు 7, కొవ్వు 4 దాకా, ప్రొటీన్ ఒక్కటంటే ఒక్కటి. ఆవుపాలలో ప్రొటీన్ మూడు పైనే. ఇది వినగానే చూశావా అంటారు. కానీ దూడ పుట్టిన రోజే లేచి నిలబడాలి, నెలన్నరకే బరువు రెట్టింపు కావాలి. మన బిడ్డ ఆ పనికి అయిదు నెలలు తీసుకుంటాడు. ఈలోగా వాడిలో జోరుగా పెరిగేది మెదడు. కండ పెంచే పాలు దూడకు, మెదడు పెంచే పాలు బిడ్డకు అని నేను అందరికీ చెబుతుంటాను. డాక్టర్లు ఇంత అడ్డంగా చెప్పరేమో గానీ నాకైతే ఇదే సరిగ్గా అనిపిస్తుంది. ఆ ఎక్కువ ప్రొటీన్, ఉప్పులు పసిబిడ్డ మూత్రపిండాలకు బరువు. ఏడాది నిండేదాకా మామూలు ఆవుపాలు తాగించొద్దనేది అందుకే.

ఏ మిషన్‌కూ అందనిది ఇంకొకటుంది. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేవి ఒక రకం చక్కెరలు, ఒలిగోశాకరైడ్లు అంటారు. బిడ్డ వాటిని అరిగించుకోలేడు. అవి వాడికి కావు, వాడి పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాకు మేత. తల్లి తన బిడ్డకే కాక బిడ్డ కడుపులోని సూక్ష్మజీవులకు కూడా వండిపెడుతోందని చదివినప్పుడు నేను రెండు నిమిషాలు అలా కూర్చుండిపోయాను. ముర్రుపాలలో అయితే రోగాలను అడ్డుకునే పదార్థాలు మరీ చిక్కగా ఉంటాయి. వాటిని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయంటే బాధేస్తుంది.

పురుడు మా అమ్మవాళ్లింట్లో, తిరుపతి బైరాగిపట్టెడలో. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవ ఉండదు. దర్శనానికి పోయేవాళ్లు, గుండు కొట్టించుకొని వచ్చేవాళ్లు, అందరూ మా ఇంట్లోనే దిగి, కాఫీ తాగి, బిడ్డను ఎత్తి చూసి, "ఇంత తేలిగ్గా ఉన్నాడేంది, పాలు చాలడం లేదా?" అని ఒక మాట వేసి కొండెక్కేవాళ్లు. స్వామి దగ్గర మొక్కు తీరిపోతుంది, ఇక్కడ నాకు టెన్షన్ మొదలవుతుంది. టెన్షన్ పడితే పాలు దిగడం ఆలస్యమవుతుంది, అది నిజంగానే శరీరంలో జరిగేదే. పాలు తగ్గేది తిండి వల్ల కంటే మాటల వల్ల అని నా గట్టి నమ్మకం. మే నెల ఎండకు గొంతు ఎండుతుందని వాడికి నీళ్లు పట్టమన్నవాళ్లు కూడా ఉన్నారు. పాలలో 87 పాళ్లు నీళ్లు పెట్టుకొని మళ్లీ నీళ్లెందుకు? ఆరు నెలల దాకా అక్కర్లేదు.

డబ్బా పాల మీద బిడ్డల బొమ్మలు వేయకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు అని 1992లోనే చట్టం చేశారు. చుట్టాల నోటికి మాత్రం ఏ చట్టమూ లేదు.

మీరు పాలను చూడటం మానేసి పాపను చూడండి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తోందా, నెలనెలా బరువు కార్డులో గీత పైకి పోతోందా? మావాడు పుట్టినప్పుడు 2.8 కిలోలు, నాలుగో రోజుకు 2.6కు దిగాడు. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. పుట్టిన కొత్తల్లో అలా తగ్గడం మామూలే. రెండు వారాలకు పాత బరువుకు వచ్చేశాడు, తర్వాత రోజుకు 25, 30 గ్రాముల చొప్పున పెరిగాడు. మీ పాపకు గీత అలా పోకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించండి. నిజంగానే పాలు చాలని తల్లులు కొందరుంటారు, మా చిన్నమ్మ కూతురికి అలాగే అయింది, డాక్టర్ చెప్పిన డబ్బా పాలే పట్టింది, పిల్ల చక్కగా ఉంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తల్లిపాలలో డి విటమిన్ తక్కువ, దానికి డ్రాప్స్ రాసిస్తారు, అవి మానొద్దు. రాత్రిపూట పట్టడం కూడా మానొద్దు. పాలు తయారు చేయించే హార్మోన్ రాత్రిళ్లే ఎక్కువ.

చీటీల సంగతి మా అత్తగారికి చెప్పలేదు. కానీ మా ఆయన మిషన్లో పెట్టినప్పుడు మా ఇంటి నంబరే కొట్టారట. పదిహేను రోజుల బిల్లు రాసుకుంటూ మా మామగారు కళ్లజోడు సరిచేసుకొని, "లీటర్లు లేవు, ఫ్యాట్ మాత్రం ఒకసారి 1.9, ఒకసారి 5.4 చూపిస్తా ఉంది, ఇది మన ఆవుల్లో ఏదిరా?" అని అడిగారు. మా ఆయన అన్నం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.